పోపుల డబ్బాలో ఎవరిది ఏ ఊరు?

మిత్రులారా, రెండు ఆదివారాలు ఏమీ రాయలేదు. ఏమైందని మెసేజ్ పెట్టిన అందరికీ కలిపి ఒకటే జవాబు: ఇల్లు వెతుక్కుంటున్నాను. ఈ పట్నానికి బదిలీ మీద వచ్చి మూడు నెలలు. ఇప్పటికి పదకొండు ఇళ్లు చూశాను. ఆ పదకొండో ఇంటి దగ్గర జరిగిన మాటే ఈ వారం పోస్టు. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ఆ ఇల్లు నాకు నచ్చింది. కాలేజీకి నడిచిపోయేంత దూరం. పైన రెండు గదులు, ముందు చిన్న వరండా. ఇంటావిడ అరవై దాటిన మనిషి, మర్యాదగానే మాట్లాడింది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ అని చెబితే సంతోషపడింది కూడా. మా అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ అమ్మ చేతుల వంక ఒకసారి చూసి నన్నడిగింది. "ఏ ఊరమ్మా మీది?" చెప్పాను. "ఊరు సరే. అంటే... ఏమిట్లు మీరు?" అదీ చెప్పాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అంది: "మీరు వెల్లుల్లి, మసాలాలు బాగా వాడతారు కదా. మాకా వాసనలు పడవమ్మా. కింద దేవుడి గది ఉంది."

ఇల్లు ఇవ్వనని ఆవిడ అనలేదు. ఇలాంటి చోట ఎవరూ అనరు. తప్పంతా వాసన మీదకి నెట్టేస్తారు.

రోడ్డు మీదకి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. నేను కోపంగా ఉన్నాను. అమ్మ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. "ఆయమ్మ ఇంట్లో అప్పుడే తిరగవాత పెట్టినారు, వాసన చూసినావా పాపా? ఇంగువ. దాంతోపాటే మిరపకాయ మాడిన వాసన. అది గుంటూరు కాయే. నా ముక్కుకు తెలీదా?"

అప్పటికి నవ్వేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పోపుల డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాను. అద్దె ఇంటి గుమ్మంలో మనల్ని అడిగే ప్రశ్నలే దాన్నీ అడుగుదామనిపించింది. ఏ ఊరు? ఎవరి తాలూకు? ఎప్పుడొచ్చావు? ఎవరి చేతుల మీదుగా వచ్చావు?

జీలకర్రతో మొదలుపెడదాం. పుట్టిల్లు మధ్యధరా సముద్రం తూర్పు తీరం, పశ్చిమాసియా. ధనియాలదీ అటువైపే. ఈజిప్టు రాజు టుటంకమున్ సమాధిలో వేల ఏళ్ల నాటి ధనియాలు దొరికాయి. మనం ధనియాలు, కొత్తిమీర అని రెండు పేర్లతో పిలిచేది ఒకే మొక్కని. జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు, ఇంగువ, చివరికి క్యారెట్ కూడా ఒకే వంశం. అన్నిటికీ పూలు చిన్న చిన్న గొడుగులు విప్పినట్టు పూస్తాయి. మెంతులు కూడా పడమటి నుంచి వచ్చినవే, కాకపోతే వాటి చుట్టరికం కందులు, పెసలతో. ఆవాలు క్యాబేజీకి బంధువులు. ఆవగింజని ఊరికే నోట్లో వేసుకుంటే పెద్ద ఘాటుండదు. నలిపి తడి తగిలితేనే లోపలి రసాయనాలు కలిసి ఘాటు పుడుతుంది. ఆవ పెట్టిన కూర ముక్కుకు ఎక్కేది అందుకే.

చింతపండు? మనది కాక ఎవరిదంటారు మీరు. అరబ్బు వర్తకులు కూడా అలాగే అనుకుని దానికి హిందూ దేశపు ఖర్జూరం అని పేరు పెట్టారు. ఆ 'తమర్ హింద్' నుంచే దాని శాస్త్రీయ నామం వచ్చింది. కానీ చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఎంతో ముందే వచ్చి మన ఊరి బయట, మన వాడ పక్కన వేళ్లు దిగేసింది.

ఇక్కడి గడపలో పుట్టినవి ఉన్నాయి. మిరియాలు, యాలకులు పడమటి కనుమల అడవి సంతానం. కరివేపాకు ఈ ఉపఖండం చెట్టే. పసుపు కథ మాత్రం వేరు. మనం వాడే పసుపు మొక్క పూస్తుంది కానీ పనికొచ్చే గింజ కట్టదు. కొమ్ము విరిచి ఎవరో ఒకరు మట్టిలో పెడితేనే మరుసటి ఏడు పసుపు. అంటే వేల ఏళ్లుగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక మడి నుంచి ఇంకో మడికి మనుషులు మోసుకొచ్చిందే ఇవాళ మన డబ్బాలో ఉంది. ఒక్క ఏడాది ఆ చేతులన్నీ ఆగిపోతే గడపకు రాయడానికి పసుపుండదు.

ఇక మిరపకాయ. దీని పుట్టిల్లు మెక్సికో వైపు. అక్కడి ఆదివాసులు దీన్ని కొన్ని వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చారు. కొలంబస్ 1492లో మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరి దారి తప్పి అమెరికా చేరాడు. అక్కడి మనుషుల్ని ఇండియన్లన్నాడు, అక్కడి మిరపని మిరియం అన్నాడు. రెండూ తప్పే. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసు ఓడల మీద మిరప మన దేశానికి వచ్చింది. అంటే ఆంధ్రుల పౌరుషమని మనం గొప్పగా చెప్పుకునే ఆ కారానికి ఇక్కడ వయసు ఐదు వందల ఏళ్లు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాలు ఋతువుకొక రకంగా వర్ణించాడు. చలికాలపు విస్తట్లో మిరియపు పొడి వేసిన కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు ఉంటాయి. మిరపకాయ ఉండదు. ఎం.ఏ.లో ఆ పద్యం పాఠం చెప్పించుకున్నప్పుడు ఛందస్సు చూశాను, అలంకారం చూశాను, ఏది లేదో చూడలేదు. మాటలోనే గుట్టు ఉంది: మిరియం ముందు, దాన్ని బట్టి మిరప. కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరే పెట్టి ఇంట్లోకి పిలిచారు.

అందరూ ఒకేసారి పిలిచారనుకోకండి. ఇప్పటికీ చాలా ఆచారపు ఇళ్లల్లో తద్దినం వంటలో మిరపకాయ వేయరు, మిరియాలే వాడతారు. అది బయటిదన్న జ్ఞాపకం ఆ ఒక్కరోజు వంటలో మిగిలింది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు మిరపకాయకు ఏ అడ్డూ లేదు. కాబట్టి తలుచుకుంటే బయటివాళ్లని లోపలికి రానివ్వడం ఈ దేశానికి చేతకాని పనేం కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మీ పప్పులో పోపంతా పరదేశమే అని ఎవర్నో వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. ఎక్కడినుంచో వచ్చావని ఎత్తిపొడవడం మనకు జరిగే అవమానమే. దాన్ని మనం ఇంకొకరి మీద వాడకూడదు, మొక్క మీద కూడా. జీలకర్ర మనదే, మిరప మనదే. వండుకు తిన్నవాళ్లందరిదీ. నా ప్రశ్న వేరే. ఇన్ని దూరాల నుంచి వచ్చిన వాసనలకు గడప దగ్గర దొరికిన చోటు, ఆ వాసనల్ని పండించి, కోసి, ఎండబెట్టిన మనుషులకు ఎందుకు దొరకలేదు?

ఇప్పుడు ఇంగువ దగ్గరికి వద్దాం. ఇంగువ మొక్క ఇరాన్, అఫ్ఘానిస్తాన్ ఎండు కొండల్లో పెరుగుతుంది. అక్కడి పల్లె జనం దాని వేరుకు గాటు పెట్టి, కారిన పాలు గడ్డకట్టాక గీకి పోగు చేస్తారు. ఆ బంక మన దేశానికి వచ్చాక గోధుమ పిండో మైదా పిండో, తుమ్మ జిగురో కలిపి డబ్బాల్లో పోస్తారు. ప్రపంచంలో ఇంగువ ఎక్కువగా వాడేది మనమే, కానీ మొన్నమొన్నటి దాకా మన నేల మీద సాగు లేదు. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలోని క్వారింగ్ గ్రామంలో పాలంపూర్ శాస్త్రవేత్తలు మొదటి మొక్క నాటారు. పచ్చి ఇంగువ వాసన ఎంత ఘోరమంటే యూరప్‌లో దాన్ని దయ్యపు పెంట అని పిలిచారు. ఆ కంపుకు కారణం గంధకం కలిసిన పదార్థాలు. ఉల్లి, వెల్లుల్లి వాసనకూ అవే కారణం. ఉల్లి, వెల్లుల్లి మానేసిన వంటింట్లో ఆ రుచి లోటు తీర్చేది ఇంగువే. ముక్కు దాదాపు అదే వాసన పీలుస్తోంది. ఒకటి మడి, ఒకటి మైల.

ఈ తేడా ముక్కు చెప్పింది కాదు, పుస్తకం చెప్పింది. మనుస్మృతి ఐదో అధ్యాయం వెల్లుల్లినీ, ఉల్లినీ, పుట్టగొడుగునీ ద్విజులు తినకూడదంది. తెలిసి తింటే పతితుడవుతాడంది. ఐదో శతాబ్దం మొదట్లో ఈ దేశంలో తిరిగిన చైనా బౌద్ధ యాత్రికుడు ఫాహియాన్, ఇక్కడివాళ్లు ఉల్లి వెల్లుల్లి తినరు, చండాలులు తప్ప అని రాసుకున్నాడు. ఆ చండాలులు ఊరి బయట ఉంటారనీ, ఊళ్లోకి వస్తే కర్రతో చప్పుడు చేస్తూ రావాలనీ కూడా రాశాడు. చదివారు కదా? ఎల్లిగడ్డా, ఊరి బయటి ఇల్లూ పదహారు వందల ఏళ్ల కిందటే ఒకే పేజీలో ఉన్నాయి. పదకొండో ఇంటావిడకి ఫాహియాన్ ఎవరో తెలియకపోవచ్చు. వాక్యం మాత్రం ఆవిడ దాకా చేరింది.

మా ఇంటి సంగతి చెబుతాను. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, మంత్రాలయం దగ్గర పల్లె. అక్కడ ఏటా సుగ్గికి పోతారు. సుగ్గి అంటే పక్కనున్న కన్నడంలో పంట కోతల పండగ. మా వైపు ఆ మాటకు అర్థం మారిపోయింది. వానలు లేక, పని లేక, ఇంటికి తాళం వేసి, గిన్నెలూ పిల్లలూ మూటలూ లారీలో వేసుకుని గుంటూరు వైపు పత్తికీ మిరపకీ పోవడమే మాకు సుగ్గి. మిరప చేను పక్కన పట్టలు కప్పిన గుడిసెల్లో రెండు మూడు నెలలు. కాయ ఒకేసారి పండదు, అందుకని ఒక్కో చేను మూడు నాలుగు కోతలు. కిలోకింత అని కూలి. కోసిన కాయ కల్లంలో ఎండాలి, రంగు పోయిన తాలు కాయ ఏరాలి, తర్వాత సంచులు కుట్టి గుంటూరు యార్డుకు పంపాలి. ఐదో తరగతిలో నేను మూడు నెలలు బడికి పోలేదు. తమ్ముణ్ణి చూసుకుంటూ, ఏరిన తాలు కుప్ప పోస్తూ ఉన్నాను.

మిరపకాయ ఘాటు గింజలో ఉండదని తర్వాతెప్పుడో చదివాను. గింజల్ని అంటిపెట్టుకున్న తెల్లటి ఈనె లాంటి భాగంలో తయారవుతుంది. ఆ పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పక్షులకు అది మండదు, అందుకే అవి కాయ తిని గింజల్ని దూరంగా వేస్తాయి. మండేది మనలాంటి పాలిచ్చే జీవులకే. ఇది చదివినప్పుడు నాకు సైన్సు కంటే ముందు అమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం చేతులు మంటెత్తితే అమ్మ నీళ్లు ముట్టేది కాదు. ముందు నూనె రాసుకునేది, దొరికితే మజ్జిగ పోసుకునేది. "నీళ్లు పోస్తే మంట పెరుగుతాది మే" అనేది. ఏ పుస్తకమూ చదవలేదు. చేనులో ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

నాకు ఎక్కువ గుర్తున్నది వేరే. సుగ్గి నెలల్లో అమ్మ తమ్ముడి ముఖం తాకేది కాదు. వాడు ఏడిస్తే మోచేత్తో కళ్లు తుడిచేది. వేళ్లతో తుడిస్తే వాడి కళ్లు మండుతాయి. అన్నం నేను కలిపి వాడికి పెట్టేదాన్ని. బిడ్డ ముఖం మీద చెయ్యి వేయలేని తల్లి కోసిన కాయ ఎవరెవరి ఇళ్లల్లో ఏయే పోపుల్లో వేగిందో ఎవరికి తెలుసు. ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు దొరికింది. అక్కడినుంచి నేను సుగ్గికి పోలేదు. అమ్మా నాన్నా ఇంకా పన్నెండేళ్లు పోయారు. ఇవాళ నా పేరు ముందున్న డాక్టర్ అనే మాటకు ఖర్చు మిరప చేలోనే పెట్టారు.

గుంటూరు సన్నాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మంచిదే. నేలకు గుర్తింపు, విత్తనానికి గుర్తింపు. తేజ రకానికి ఘాటు పేరు, బ్యాడిగి రకానికి రంగు పేరు. కోసిన చేతులకు మాత్రం ఏ లేబుల్ మీదా చోటు లేదు.

ఇది మన ఒక్క చోటి కథ అనుకోకండి. మన బిర్యానీలో వేసే జాజికాయ, జాపత్రి ఒకే పండులోవి. గింజ జాజికాయ, దాని చుట్టూ ఎర్రటి అల్లిక జాపత్రి. ఒకప్పుడు ప్రపంచం మొత్తానికి అవి దొరికింది ఇండోనేషియాలోని చిన్న బండా దీవుల్లోనే. ఆ వ్యాపారమంతా తమకే కావాలని డచ్ ఈస్టిండియా కంపెనీ 1621లో ఆ దీవుల జనాన్ని వేలల్లో చంపింది, మిగిలినవాళ్లని బానిసలుగా తరలించింది. తర్వాత అవే తోటల్లో పనికి వేరే చోట్ల నుంచి బానిసల్ని తెచ్చింది. ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలా సంగతి వినండి. మెక్సికోలోని ఆ తీగని వేరే దేశాల్లో పెంచితే పూసేది కానీ కాసేది కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు, సన్నటి పుల్లతో పువ్వు లోపలి పొర పక్కకు తీసి బొటనవేలితో నొక్కి కాయ కట్టించడం కనిపెట్టాడు. ఇప్పటికీ వెనిలా తోటల్లో చేసేది ఆ పనే. దీవి దొరలు కోట్లు గడించారు. ఎడ్మండ్‌కి 1848లో స్వేచ్ఛ వచ్చింది. 1880లో పేదరికంలో చనిపోయాడు. ఆ తెలివి ఒక నల్ల పిల్లవాడిదంటే నమ్మలేక, ఆ ఘనత తనదేనని చెప్పుకున్న తెల్ల శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. నూనె రాస్తే మంట తగ్గుతుందని తెలిసిన మా అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు కదా, అలాగే.

ఇప్పుడు ఇవాళ్టి మాట. ఇది రాయడానికి అసలు కారణం అదే.

మా కాలేజీలో డిగ్రీ పిల్లల హాజరు లెక్క తేల్చే పని ఈసారి నాకు పడింది. 75 శాతం లేనివాళ్ల జాబితా తయారు చేయాలి. రిజిస్టర్ తిరగేస్తుంటే ఏడు పేర్ల దగ్గర ఒకే సంగతి కనిపించింది. డిసెంబరు దాకా రోజూ వచ్చారు. జనవరి నుంచి వరసగా ఆబ్సెంట్. ఊళ్లు చూశాను. అన్నీ మా వైపు పల్లెలే. ఒక అమ్మాయికి ఫోన్ చేశాను. వెనకాల ట్రాక్టర్ చప్పుడు. "మేడం, గుంటూరు పక్కన ఉండాం. మూడో కోత నడుస్తాంది. ఇది అయిపోతానే వస్తా మేడం. నా పేరు తీసేయద్దండి." ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే.

స్టాఫ్ రూమ్‌లో ఈ మాట పెట్టాను. ఒక సార్ అన్నారు, "రూల్ అందరికీ ఒకటే కదా మేడం." ఇంకొకరు అన్నారు, "వాళ్లకి చదువు మీద శ్రద్ధ ఉంటే తల్లిదండ్రుల్ని ఒప్పించి ఆగేవాళ్లు." ఆ మధ్యాహ్నం ఆ సార్ క్యారియర్‌లో గోంగూర పచ్చడి. పైన ఎర్రగా తేలిన నూనె. నేనేమీ అనలేదు. అనాల్సింది కాగితం మీద పెట్టాను. సుగ్గికి పోయిన పిల్లల గైర్హాజరును అనారోగ్య సెలవుతో సమానంగా చూడాలనీ, వాళ్లకి ఏప్రిల్‌లో విడిగా తరగతులు పెట్టాలనీ, ఆ తరగతులు నేనే చెబుతాననీ రాసి పైకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. జాబితా మీద సంతకం నేను పెట్టలేదు. పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, అది భరించడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఈ పోస్టు చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెబుతున్నాను. మీ కాలేజీలో, మీ హాస్టల్లో జనవరి నుంచి మార్చి దాకా ఎవరు కనిపించకుండా పోతున్నారో చూడండి. వాళ్లు ఏ చేలో ఉన్నారో కనుక్కోండి. పేర్లు ఇక్కడ కామెంట్లలో రాయకండి, నాకు విడిగా పంపండి. ఎన్ని కాలేజీలు, ఎంతమంది పిల్లలు అనే లెక్క మన చేతిలో ఉంటే, వచ్చే సంక్రాంతికి ముందే విద్యాశాఖ గుమ్మం ముందు కూర్చుందాం. అధ్యాపక సంఘాల్లో ఉన్న మిత్రులు కూడా నాతో మాట్లాడండి.

ఇల్లు దొరికింది. పన్నెండోది. ఆ ఇంటాయన ఆటో నడుపుతాడు, ఆయనా మనవైపు మనిషే. ఏం వండుతారని అడగలేదు, నీళ్లు ఏ పూట వస్తాయో చెప్పాడు. మొన్న ఆదివారం అమ్మ కొత్త పొయ్యి మీద ఎల్లిగడ్డ కారం నూరి, జొన్నరొట్టెలు చేసి, కింద ఇంటివాళ్లకీ నాలుగు పంపింది. సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది. ఖాళీగా కాదు, అందులో రెండు పిడికిళ్ల చింతపండు.

వచ్చే వారం ఆ చింతచెట్టు సంగతి. ఊరి బయట దాని కింద ఎవరెవరు కూర్చున్నారో, ఎవర్ని దానికి కట్టేశారో రాస్తాను.

జై భీమ్.